స్ట్రట్ వయసు మీటర్‌లో కనిపించదు

కారు ముందు చక్రాల స్ట్రట్‌లు ఎన్ని కిలోమీటర్లు వస్తాయని అడిగితే, షెడ్డులోనైనా షోరూములోనైనా దాదాపు ఒకటే అంకె వినిపిస్తుంది: 80,000. కొందరు దాన్ని లక్షకు పెంచుతారు, కొందరు 60,000కు దించుతారు. ఈ అంకె పుట్టిల్లు అమెరికా. అక్కడి షాకబ్జార్బర్ల తయారీదారులు 50,000 మైళ్లకు మార్చుకోమని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. మన లెక్కలో అది సుమారు 80,000 కిలోమీటర్లు. చెప్పేది సరుకు అమ్ముకునేవాళ్లే కాబట్టి ఆ మాటను కొంత తగ్గించి వినాలనిపించడం సహజం. కానీ చిక్కు వాళ్ల స్వార్థంతో కాదు. సున్నాలతో ముగిసే ఆ అంకెలో రోడ్డు లేదు, బరువు లేదు, డ్రైవరు కాలి కింద బ్రేకు లేదు. ఒకే రోజు షోరూము గడప దాటిన రెండు ఒకే రకం కార్లలో ఒకటి 40,000కే స్ట్రట్‌లు మార్పించుకోవచ్చు, రెండోది లక్షా ఇరవై వేలు దాటినా మొదటి జతతోనే తిరుగుతుండవచ్చు. రెండింట్లోనూ వింతేమీ లేదు. కాబట్టి కిలోమీటర్లను నమ్మాల్సింది ఒక్క విషయానికే: స్ట్రట్‌ను ఎప్పుడు పరీక్షించాలో అవి గుర్తు చేస్తాయి. మార్చాలా వద్దా అన్నది మాత్రం ఆ భాగం మీద, దాని పక్కనున్న టైరు మీద కనిపించే సాక్ష్యమే తేల్చాలి. ఈ తేడా పట్టించుకోక మనం రెండు రకాలుగా నష్టపోతున్నాం. చచ్చిన స్ట్రట్‌లను మోసుకు తిరగడం ఒకటి, బతికున్నవాటిని పీకి పారేయడం రెండోది.

స్ట్రట్‌నూ షాకబ్జార్బర్‌నూ మనం ఒకే పేరుతో పిలుస్తాం గానీ రెంటి ఉద్యోగం ఒకటి కాదు. చాలా చిన్న కార్లలో వెనక చక్రాల దగ్గర స్ప్రింగు ఒకచోట, షాకబ్జార్బర్ మరోచోట విడివిడిగా ఉంటాయి. షాకబ్జార్బర్‌ను ఊడదీసినా చక్రాన్ని అటూ ఇటూ పోనీకుండా పట్టుకునేది వేరే ఉంటుంది. ముందు స్ట్రట్ సంగతి అలా కాదు. స్ప్రింగు దాని నడుముకున్న పళ్లెంలోనే కూర్చుంటుంది. కింది కొస చక్రాన్ని మోసే నకిల్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. పై కొస, బానెట్ ఎత్తితే రెండు పక్కలా కనిపించే గుండ్రటి గూళ్ల కింద, రబ్బరు మౌంటుకు తగిలి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కట్ట మొత్తం మౌంటులోని బేరింగు మీద తిరుగుతుంది. బరువు మోయడం, కుదుపు అణచడం, చక్రాన్ని నిటారుగా నిలబెట్టడం, తిరగడానికి ఇరుసుగా ఉండటం, ఇన్ని పనులూ ఆ ఒక్కదానివే. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940ల్లో జనరల్ మోటార్స్‌లో ఉండగా ఒక చిన్న, చవక కారు కోసం ఈ అమరిక ఆలోచించాడు. ఆ కారును కంపెనీ 1947లో అటకెక్కించింది. ఆయన ఫోర్డ్‌కు మారాడు, 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ఆ ఆలోచన వీధుల్లోకి వచ్చింది. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ, పైగా ఇంజన్‌ను అడ్డంగా పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. అందుకే ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లన్నీ ఇంచుమించు దీన్నే పట్టుకున్నాయి. 1983లో వచ్చిన మారుతి 800 నుంచి నేటి హ్యాచ్‌బ్యాకుల దాకా మనకు అలవాటైంది ఇదే.

ఆ పొదుపుకు ప్రతిఫలం ఎక్కడో ఒకచోట చెల్లించాలి కదా. చక్రం స్ట్రట్‌కు సరిగ్గా కింద ఉండదు, కొంచెం పక్కకు ఉంటుంది. అందువల్ల కారు బరువు స్ట్రట్‌ను పైనుంచి నొక్కడంతో ఊరుకోక, వంచాలని కూడా చూస్తుంది. ఆ వంపు బలమంతా లోపలి కడ్డీ మీద, అది జారే గైడు మీద పడుతుంది. స్ప్రింగును కావాలనే కాస్త వాల్చి బిగించి ఈ పక్కబలాన్ని చాలావరకు తగ్గిస్తారు గానీ పూర్తిగా పోగొట్టలేరు. విడిగా ఉండే షాకబ్జార్బర్‌కు ఈ బాధ తక్కువ.

లోపల ఒక గొట్టంలో మరో గొట్టం ఉంటుంది. లోపలి గొట్టం నిండా నూనె. అందులో కదిలే పిస్టన్‌కు సన్నటి రంధ్రాలు, వాటి మీద పలచటి ఉక్కు బిళ్లలు. బయటి గొట్టంలో కొంత నూనె, ఆ పైన తక్కువ ఒత్తిడితో నింపిన నైట్రోజన్. చక్రం గుంతలో పడి లేచినప్పుడు నూనె ఆ బిళ్లలను తోసుకుంటూ రంధ్రాల్లోంచి దూరాలి. ఆ పెనుగులాటలో కదలిక వేడిగా మారి, గొట్టం ఒంటి మీదుగా గాలిలో కలిసిపోతుంది. స్ప్రింగు కుదుపును దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది అంతే. దాన్ని చంపేది నూనె. ఈ నూనె బయటికి పోకుండా కాపాడేది మాత్రం కడ్డీ చుట్టూ ఉన్న ఒక రబ్బరు సీలు. కడ్డీకి గట్టి క్రోమ్ పూత ఉంటుంది, అద్దంలా నునుపుగా ఉంటుంది, సీలు పెదవి ఆ నునుపు మీదే జారుతుంది. దానిపైన ముడతల డస్ట్ కవరు, దాని లోపల కడ్డీకి తొడిగిన మెత్తటి బంప్ స్టాపరు. చాలా స్ట్రట్‌ల చావు మొదలయ్యేది ఈ కవరు దగ్గరే. ఎండకూ వేడికీ రబ్బరు బిరుసెక్కి ఒక ముడతలో చీలుతుంది. ఆ చీలికలోంచి దుమ్ము, సన్న ఇసుక, వానాకాలంలో బురద నీళ్లు లోపలికి చేరతాయి. కడ్డీ కిందికి దిగినప్పుడల్లా ఇసుక రేణువు సీలు పెదవి కింద నలిగి క్రోమ్ మీద గీత గీస్తుంది. ఆ గీత పదునుకు సీలు అరుగుతుంది. తడి తగిలిన చోట పూత కింద తుప్పు లేచి గుల్ల పడుతుంది, ఆ గుల్ల సీలును ఆకురాయిలా గీరుతుంది. మిగతాది నూనె చూసుకుంటుంది. చవకలో దొరికే కవరు చిరిగిందని ఎవరూ చెప్పకపోవడం వల్ల ఖరీదైన స్ట్రట్ పోతుంది. సర్వీసుకు వెళ్లినప్పుడు చక్రాలు ఎలాగూ విప్పుతారు. కవరు, స్టాపరు ఒక్కసారి చూడమని అడగడానికి ఖర్చేమీ లేదు.

ఇక పని లెక్కకొద్దాం. సగటున మైలుకు 1,750 సార్లు షాకబ్జార్బర్ కదులుతుందని ఆ పరిశ్రమ వాళ్లే తరచూ చెబుతుంటారు. ఆ ప్రకారం 50,000 మైళ్లకు 8 కోట్ల 75 లక్షల సార్లు. సగటు కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు గానీ, అది చూపే దిక్కు సరైనదే. స్ట్రట్‌కు ఆయుష్షు ఖర్చయ్యేది కదలికల్లో, ఆ కదలికల లోతులో, వేగంలో. విజయవాడ నుంచి విశాఖపట్నం దాకా హైవే మీద సాగే కారు స్ట్రట్ గంటల తరబడి వేలి మందం మేర కదులుతూ ఉండొచ్చు. అదే కారు నగరంలో మెట్రో పనుల పక్కన, మూతలు కుంగిన మ్యాన్‌హోళ్ల మీద పది కిలోమీటర్లు తిరిగితే మొత్తం పొడవునా ఎన్నోసార్లు కుంగి లేస్తుంది. మీటరుకు రెండూ కిలోమీటర్లే.

స్పీడ్ బ్రేకర్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ లెక్క స్పష్టంగా కనబడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గుండ్రటి దిబ్బ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి సరిపోయేలా వేసిన కొలతలివి. ఆ వేగంలో చక్రం 10 సెంటీమీటర్లు ఎక్కడానికి సెకనులో పావు వంతుకు మించి వ్యవధి దొరుకుతుంది. ఇప్పుడు కాలనీ సందులో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన దిబ్బను తీసుకోండి. ఎత్తు అంతే అనుకుందాం, వెడల్పు రెండడుగులు. అదే వేగంలో అదే ఎత్తును చక్రం దాదాపు ఆరో వంతు వ్యవధిలో ఎక్కాలి. పిస్టన్ అన్ని రెట్లు వేగంగా దూసుకుపోతుంటే నూనె ఎదురు తిరిగే బలం కూడా పెరిగిపోతుంది. దానికి తోడు మనవాళ్లకున్న అలవాటు, దిబ్బ మీదికి ఎక్కేదాకా బ్రేకు తొక్కి పట్టుకోవడం. బ్రేకు వేయగానే బరువు ముందుకు తూలి స్ట్రట్ అప్పటికే సగం కుంగి ఉంటుంది. మిగిలిన కొద్ది జాగా కాస్తా దిబ్బ మింగేస్తుంది, కడ్డీ పోయి బంప్ స్టాపరును గుద్దుతుంది. ఆ స్టాపరు అప్పటికే పొడిపొడిగా రాలిపోయి ఉంటే ఇనుము ఇనుమును తాకినట్టే. దిబ్బకు ముందే వేగం తగ్గించుకుని, చక్రం ఎక్కే క్షణానికి బ్రేకు వదిలేస్తే స్ట్రట్‌కు పూర్తి జాగా దొరుకుతుంది. కంపెనీ మార్చినా బ్రాండు మార్చినా రానంత ఆయుష్షు ఈ ఒక్క అలవాటుతో వస్తుందని నా అభిప్రాయం.

కారు ఎత్తు పెంచడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు ఇరికించే పద్ధతి మన దగ్గర బాగా ప్రబలింది. అడుగు తగలకుండా ఉంటుందన్నది నిజం. కానీ దిమ్మ ఉన్న చోట చుట్టు ముడుచుకోదు, మిగతా చుట్ల మీద భారం పెరుగుతుంది, స్ట్రట్ మామూలుగా నిలబడే ఎత్తే మారిపోయి పైకి సాగినప్పుడు జాగా తగ్గుతుంది. అది స్ట్రట్‌కు మందు కాదు. స్ప్రింగు నిజంగా కుంగిపోయి ఉంటే స్ప్రింగునే మార్చాలి.

ఇన్ని దెబ్బలు తినే భాగం ఒక్కసారిగా విరిగిపోతే బాగుండేదేమో, అందరికీ తెలిసేది. అది అలా పోదు. నూనె నెలల తరబడి చెమరుస్తుంది, బిళ్లలు మెల్లగా అరుగుతాయి, గ్యాస్ ఒత్తిడి తగ్గుతుంది. రోజూ అదే కారు నడిపే మనిషి, చూపు మందగిస్తున్నవాడు వెలుతురు తగ్గిందనుకున్నట్టు, ఈ రోడ్లు ఏడాదికేడాది పాడైపోతున్నాయనుకుంటాడు. దీంట్లో మరో మాయ ఉంది. బాగా అరిగిన స్ట్రట్ తక్కువ వేగంలో మెత్తగా అనిపిస్తుంది! ఎదురు తిరగాల్సిన నూనె ఎదురు తిరగడం మానేసింది కాబట్టి చిన్న గతుకులు లోపలికి తెలియవు. వెనక కూర్చున్నవాళ్లు బండి స్మూత్‌గా పోతోందని మెచ్చుకుంటారు. అదే కారు గంటకు 100 మీద ఫ్లైఓవర్ అతుకుల మీదుగా పోతున్నప్పుడు ఒక అతుకు ఊపు తీరకముందే రెండోది తగిలి, పడవలా తేలుతుంది. వంపులో తిరుగుతుండగా గతుకు తగిలితే ముందు భాగం కొంచెం పక్కకు గెంతుతుంది.

ఇది సుఖానికి సంబంధించిన గొడవ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. లక్షల కార్లు పాత స్ట్రట్‌లతోనే తిరుగుతున్నాయి, ఏం కొంప మునిగిందని వాళ్ల ప్రశ్న. అందులో కొంత నిజముంది. అరిగిన స్ట్రట్ ఒక్కటే ప్రమాదానికి కారణమవడం అరుదు. అది ఇతర కారణాలతో చేతులు కలుపుతుంది, వానతో, నిండు బరువుతో, అరిగిన టైరుతో, ఎదురుగా హఠాత్తుగా అడ్డొచ్చిన గేదెతో. బ్రేకు వేసినప్పుడు కారును ఆపేది టైరు రోడ్డును అంటుకుని ఉన్న కొద్దిపాటి జాగా. ఆ అంటుకోవడం ఎడతెగకుండా ఉండాలి. కారు ఒళ్లు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. చక్రం మాత్రం తన టైరు మీద తానే సెకనుకు పది, పదిహేను సార్లు ఎగురుతుంది. ఆ ఎగురును అణచలేని స్ట్రట్ ఉన్న కారులో గతుకు రోడ్డు మీద బ్రేకు తొక్కితే, చక్రం తేలికైన ప్రతి క్షణమూ జారడానికి సిద్ధంగా ఉంటుంది. ఏబీఎస్ అది గమనించి ఆ చక్రానికి బ్రేకు సడలిస్తుంది. తన పని తాను సరిగ్గానే చేస్తుంది, కారు మాత్రం ఇంకా ముందుకు వెళ్లి ఆగుతుంది. ప్రమాదం తర్వాత రాసుకునే కారణాల్లో వేగం ఉంటుంది, వాన ఉంటుంది, నిద్రమత్తు ఉంటుంది. స్ట్రట్ ఎలా ఉండిందో చూసేవాళ్లు తక్కువ.

ముందుగా చూసేవాళ్లూ లేరు. మన చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పొడిగించుకునేటప్పుడే ఫిట్‌నెస్ పరీక్ష. ఈ మధ్యలో తప్పనిసరిగా చేయించాల్సింది పొగ పరీక్ష ఒక్కటే. ఇంగ్లండ్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా జరిగే తనిఖీలో షాకబ్జార్బర్లను కూడా చూస్తారు, నూనె బాగా కారుతుంటే ఫెయిల్ చేస్తారు. మనకు ఆ ఏర్పాటు లేదు కాబట్టి తనిఖీ అధికారి పని యజమానే చేసుకోవాలి. అదేమంత కష్టమైంది కాదు.

టైరుతో మొదలుపెట్టండి. కారు ఆపి, చక్రం బాగా చల్లారాక, అరచేతిని టైరు ముఖం మీద ఆనించి చుట్టూ మెల్లగా తిప్పాలి. ఒకసారి ఇటు నుంచి అటు, మళ్లీ అటు నుంచి ఇటు. చేతికి అలలు అలలుగా, జానెడు జానెడు దూరంలో గుంతలు పడినట్టు తగిలితే, చక్రం రోడ్డు మీద దొర్లకుండా గెంతుతోందన్నమాట. బ్యాలెన్సింగ్ సరిగా లేకపోయినా ఇలాంటి అరుగుదల వస్తుంది, కాబట్టి ముందు బ్యాలెన్సింగ్ చేయించి చూడాలి. అలైన్‌మెంట్ తప్పితే అరుగుదల వేరే విధంగా ఉంటుంది. టైరు ఒక అంచు మొత్తం చుట్టూ ఒకేలా అరుగుతుంది. తర్వాత స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చి వేసి స్ట్రట్ గొట్టాన్ని చూడాలి. గొట్టం పైభాగంలో పలచగా, మంచు పట్టినట్టు కొంచెం నూనె తడి, దాని మీద దుమ్ము పొర ఉంటే కంగారు అక్కర్లేదు. సీలు పెదవి తడిగా ఉండటానికి ఆ మాత్రం నూనె కడ్డీతో బయటికి రావడం మామూలే. అదే గొట్టం సగం దాటి కిందికి చారలుగా దిగి, స్ప్రింగు పళ్లెం కింద చుక్క కట్టి ఉంటే దాని పని అయిపోయింది. ఎర్రమట్టి రోడ్లలో తిరిగే కార్లకు చిన్న తడి కూడా దుమ్ము పట్టి భయంకరంగా కనిపిస్తుంది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, రెండు వారాలు తిప్పి, మళ్లీ చూస్తే నిజం బయటపడుతుంది. స్ట్రట్‌లు మార్చాలని ఎవరైనా చెప్పిన వెంటనే చేయాల్సిన మొదటి పని ఈ తుడవడమే అంటాను.

బానెట్ మూలను అదిమి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్ష అందరికీ తెలుసు. రెండు మూడు సార్లు ఊగితే స్ట్రట్ పోయినట్టే, అందులో సందేహం లేదు. కానీ ఒక్కసారికే ఆగితే స్ట్రట్ బాగున్నట్టు కాదు. చేత్తో ఊపేది కారు ఒంటిని, అదీ నెమ్మదిగా. సెకనుకు పదిహేను సార్లు ఎగిరే చక్రాన్ని స్ట్రట్ పట్టుకోగలదో లేదో ఆ ఊపులో తెలిసే దారి లేదు. యూరప్ షాకబ్జార్బర్ తయారీదారుల సంఘం రూపొందించిన పరీక్షలో చక్రాన్ని ఒక పలక మీద నిలబెట్టి, సెకనుకు 25 సార్ల దాకా వణికించి, టైరు పలకను నొక్కే బరువు కనీసం ఎంతకు పడిపోతుందో కొలుస్తారు. ఆ యంత్రం అందుబాటులో ఉంటే మంచిదే. లేకపోతే టైరు సాక్ష్యం, నూనె సాక్ష్యం, తెలిసిన రోడ్డు మీద 60, 70 వేగంలో కారు ప్రవర్తన, ఈ మూడూ కలిపి చూసి తీర్పు చెప్పడమే మార్గం. అమెరికాలో ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లయితే తుప్పు కూడా చూసుకోవాలి. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు స్ప్రింగు పళ్లేన్ని తినేస్తుంది. విశాఖ, కాకినాడ తీరంలో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపే కార్లకూ ఈ జాగ్రత్త తప్పదు.

ఇప్పుడు రెండో రకం నష్టం. ముందు నుంచి టక్కుటక్కుమని శబ్దం వస్తోందని షెడ్డుకు తీసుకెళ్తే, నడిపి చూడకుండానే రెండు స్ట్రట్‌లూ పోయాయని తేల్చేసే తొందర మన దగ్గర ఎక్కువ. నిజానికి స్ట్రట్ చాలాసార్లు చప్పుడు చేయకుండానే చస్తుంది. చప్పుడు చేసేవి దాని ఇరుగుపొరుగు. చిన్న గతుకుల మీద నెమ్మదిగా పోతుంటే వచ్చే టకటక ఎక్కువగా స్టెబిలైజర్ లింక్ రాడ్ జాయింటుది. కారు నిలిపి ఉంచి స్టీరింగ్ తిప్పితే టంగుమని స్ప్రింగు ఎగిరినట్టు వినిపిస్తే పై మౌంటులోని బేరింగు బిగుసుకుపోయి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడూ వదిలినప్పుడూ ధబ్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్‌ను అనుమానించాలి. ఇవన్నీ స్ట్రట్ కంటే బాగా చవక. కొత్త స్ట్రట్‌లు వేశాక శబ్దం పోయిందంటే స్ట్రట్‌దే తప్పని రుజువైనట్టు కూడా కాదు. ఆ పనిలో భాగంగా లింక్ రాడ్ విప్పి బిగించి ఉంటారు, మౌంటు కొత్తది వేసి ఉంటారు. అందుకే ఒక్కో అనుమానాన్నీ విడిగా పరీక్షించే మెకానిక్ దొరికితే అతనికి అడిగినంత కూలి ఇచ్చినా మనకే లాభం. లింక్ రాడ్ విప్పేసి చుట్టుపక్కల ఓ నెమ్మది చక్కర్ కొట్టి, శబ్దం ఆగిందా లేదా అని చూసే మనిషికి పని తెలుసు.

మార్చాలని తేలాక జతగా మార్చాలా అన్నది అందరినీ వేధించే ప్రశ్న. ఒకటే కారుతుంటే రెండోది ఎందుకని యజమాని అడగడం న్యాయమే. రెండూ ఒకే రోడ్డు మీద ఒకే బరువుతో తిరిగాయి, ఒకటి పోయిందంటే రెండోదీ ఎంతో కొంత అరిగే ఉంటుంది. కొత్తది గట్టిగా, పాతది మెత్తగా ఉంటే గతుకు మీద బ్రేకు వేసినప్పుడు రెండు పక్కలా టైర్లు రోడ్డును ఒకేలా పట్టుకోవు. అందుకే ఒకే ఇరుసు మీదివి రెండూ కలిపి మార్చమంటారు, నాలుగింటినీ కాదు. ఈ నియమానికి మినహాయింపు కూడా చెప్పాలి. కారు కొత్తది, 5,000 కిలోమీటర్లే తిరిగింది, గొయ్యిలో పడి ఒక్క స్ట్రట్ వంగింది అనుకోండి, అప్పుడు అదే రకం ఒక్కటి వేస్తే సరిపోతుంది. పాతికవేలు దాటాక మాత్రం ఒక్కటే మార్చడం పొదుపు అనిపించుకోదు.

స్ట్రట్‌తోపాటు పై మౌంటు, బేరింగు, బంప్ స్టాపరు, డస్ట్ కవరు కూడా మార్చమంటే అది బిల్లు పెంచే ఎత్తు అనుకోవద్దు. కూలిలో ఎక్కువ భాగం స్ట్రట్‌ను దించడానికీ, స్ప్రింగును నొక్కి పట్టి విప్పడానికే. ఏడాది తిరక్కుండా బేరింగు బిగుసుకుంటే ఆ కూలి మళ్లీ మొదటి నుంచి ఇచ్చుకోవాలి. స్ప్రింగు మాత్రం చిట్లకుండా, తుప్పు తినకుండా, రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉంటే ఉంచుకోవచ్చు. దాన్ని విప్పే పని ఇంట్లో యూట్యూబ్ చూసి చేసేది ఎంతమాత్రం కాదు. వందల కిలోల బలంతో నొక్కి ఉంచిన స్ప్రింగు అది. సరైన కంప్రెసర్ బిగించకుండా పైనున్న నట్టు వదులు చేస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

బిగించడంలోనూ కొత్త స్ట్రట్‌ను మొదటి రోజే చంపే వీలుంది. పై నట్టు బిగించేటప్పుడు కడ్డీ కూడా తిరిగిపోతుంటుంది. తిరగకుండా ఆపడానికి క్రోమ్ మీద ప్లయర్ వేసి పట్టుకున్నారంటే, ఆ పళ్ల గాట్లు తర్వాత సీలును కోస్తూనే ఉంటాయి. కడ్డీ కొసను పట్టుకోవడానికి తగిన వీలు దానికే ఉంటుంది, దానికి సరిపడే పనిముట్టు వాడాలి. పెట్టెలో పడుకోబెట్టి తెచ్చిన స్ట్రట్‌లో గాలి తప్పుగా చేరి ఉండొచ్చు కాబట్టి, బిగించే ముందు నిటారుగా నిలబెట్టి కడ్డీని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి. అన్నీ అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. చక్రం ఏ కోణంలో నిలబడాలో నిర్ణయించే భాగాన్నే కదా విప్పి బిగించింది. ఇది మానేస్తే స్ట్రట్ కోసం పెట్టిన డబ్బు టైర్లు తినేస్తాయి.

ఆటోనగర్‌లలో స్ట్రట్‌ను కోసి, నూనె నింపి, తిరిగి వెల్డింగ్ చేసి ఇచ్చే రీకండిషన్ పని ఉంది. నాలుగో వంతు ఖర్చుతో పోతుంది కదా అనేవాళ్లను తప్పుపట్టలేం. చేసే పనివాళ్ల నేర్పు మీద కూడా నాకు గౌరవం ఉంది. కానీ అరిగిన క్రోమ్ మీద కొత్త సీలు ఎంతకాలం నిలుస్తుంది? పిస్టన్ బిళ్లలు పాతవే, గ్యాస్ ఎలాగూ పోయింది, వెల్డింగ్ వేడి పక్కనే ఉన్న రబ్బరును తాకుతుంది, రెండు స్ట్రట్‌లలో నూనె ఒకే కొలతగా పడిందో లేదో చూసే యంత్రం ఉండదు. వెనక చక్రాల షాకబ్జార్బర్ అయితే పోనీలే అనుకోవచ్చేమో. చక్రాన్ని నిలబెట్టే ముందు స్ట్రట్ గొట్టానికి అతుకు వేయడం నాకు సమ్మతం కాదు. కారు పాతదైపోయింది, రెండేళ్లలో అమ్మేస్తాం అనుకునేవాళ్లు దానికి బదులు పేరున్న తయారీదారు బజారులో అమ్మే కొత్త జత కొనుక్కోవచ్చు. కార్ల కంపెనీలకు సరఫరా చేసేవాళ్లే విడిగా కూడా అమ్ముతుంటారు, కంపెనీ డబ్బాలో వచ్చేదాని కంటే ధర తరచూ తక్కువే ఉంటుంది.

చివరగా ఒక పని. పాత స్ట్రట్‌లను అక్కడే వదిలేసి రాకండి. స్ప్రింగు తీసేశాక పాత కడ్డీని నిటారుగా పెట్టి రెండు చేతులతో కిందికి నొక్కి చూడండి, కొత్తదాన్ని కూడా అలాగే నొక్కండి. కొత్తది మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో దిగి, చేయి తీయగానే తనంతట తాను మెల్లగా పైకి లేస్తుంది. అందులోని గ్యాస్ చేసే పని అది. పాతది మొదటి అంగుళం ఖాళీగా జారి తర్వాత పట్టుకుంటే లోపల నూనె తగ్గినట్టు. కిందికి వెళ్లి అక్కడే ఉండిపోతే గ్యాస్ పోయినట్టు. మొదటి నుంచే గ్యాస్ లేని నూనె రకమైతే అది లెక్కలోకి రాదు, ఏ రకమో మెకానిక్‌ను అడగాలి. ఒకవేళ పాతది కూడా కొత్తదానిలాగే దిగి, లేచి, పొడిగా ఉంటే, అప్పటిదాకా వినిపించిన శబ్దం మౌంటుదో లింక్ రాడ్‌దో. అప్పుడు ఆ జతను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు, మరోసారి పనికొస్తుంది.